నాచు గీతకి నాలుగడుగుల కింద

మా లీన్ ద్వీపకల్పం ఒడ్డుకి కొట్టుకొచ్చిన కర్ర ఎవరిదని ఎవరూ అడగరు. దాని మీద రాయి ఉందా లేదా అని చూస్తారు, అంతే. రాయి ఉందంటే ఎవరో దాన్ని చూసి, లాగి, ఇది నాదని చెప్పి వెళ్ళినట్టు. ఆ రాయి పిడికెడంతే ఉన్నా సరే, పెట్టిన మనిషి నెల రోజులు అటు రాకపోయినా సరే, ఇంకొకరు ముట్టుకోరు. మా ఊళ్ళో కోళ్ళు ఎత్తుకెళ్ళినవాళ్ళున్నారు. పక్కవాడి భార్యతో లేచిపోయినవాడూ ఒకడున్నాడు, ప్రార్థన మందిరంలో బాగా పాడేవాడు కూడా. ఇంకొకడి రాయి మీద చెయ్యి వేసినవాడు మాత్రం నాకు తెలిసి ఒక్కడే. ఆయన మా నాన్న.

చట్టం ప్రకారం సముద్రం తెచ్చినదంతా రాజుగారిదేనట. రాజుగారు మా ఒడ్డున నడుస్తుండగా ఎవరూ చూడలేదు.

రాయికి ఒక్క షరతుంది. కర్రని నాచు గీత పైకి లాగాలి. పోటు వచ్చి వెనక్కి పోయాక ఇసకలో నాచు, గవ్వలు, పుల్లలు ఒక వరసగా మిగులుతాయి చూడండి, అదే గీత. దాని పైన ఉన్నది మనిషిది, కింద ఉన్నది ఇంకా సముద్రానిది. గీత కింద ఎంత పెద్ద బండ పెట్టినా చెల్లదు.

నాకు పదిహేనేళ్ళు. ముసలి రాజుగారు పోయిన సంవత్సరం, జనవరి. అంతకుముందు అక్టోబరులో వచ్చిన గాలివానకి మా నాన్న ఎల్లిస్ పడవ మా పోర్త్ లాస్ రేవు రాళ్ళ మీద పడి నడుం విరిగింది. పక్క చెక్కలు ఎలాగో అతుకు పెట్టొచ్చు గానీ అడుగు దూలం రెండు ముక్కలైంది. పడవ మొత్తం దాని మీదే నిలబడుతుంది. అంత పొడుగు, అంత తిన్నని మాను మా వైపు మొలవదు. మాది గాలికి వంగిన ముళ్ళపొదల దేశం. కొనడం మా వల్లయ్యే పని కాదు. వసంతానికల్లా పడవ లేకపోతే లాబ్‌స్టర్లని పట్టే బుట్టలు వెయ్యడం ఉండదు, అప్పుడు నాన్న కొండ మీద రాతి క్వారీకి పోవాలి. మా బాబాయ్ విల్ అక్కడికే పోయాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టి ముప్పై ఒకటో ఏట చచ్చిపోయాడు. ఆయన దగ్గు నాకిప్పటికీ వినిపిస్తుంది, ఖాళీ డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు.

"ఆ కొండకి ఇంకొకణ్ణి ఇవ్వను" అనేది మా అమ్మ షాన్. నాన్న ఏమీ అనేవాడు కాదు. ఆ మూడు నెలలూ ఆయన ఏమీ అనలేదు, రొట్టె ఇటివ్వమని కూడా.

జనవరిలో మళ్ళీ మూడురోజులు గాలి. బయట సముద్రంలో ఏదో స్టీమర్ తన మీదున్న కలపంతా పారేసుకుందని కబురొచ్చింది. మూడోరోజు తెల్లారి గాలి తగ్గగానే మా ద్వీపకల్పం అంచంతా జనమే. ఎవరూ పరిగెత్తరు. పరిగెడితే ఆశపోతులంటారు. చేతులు జేబుల్లో పెట్టుకుని, గొర్రెల్ని చూడ్డానికి పోతున్నట్టు మొహం పెట్టి, పిక్కలు పట్టేసేంత జోరుగా నడుస్తారు. ఎదురుపడితే "గాలి తగ్గిందే" అంటే "తగ్గింది" అని, కళ్ళు మాత్రం కింద ఒడ్డు మీదే. కొండ చరియ మీద కాలిబాట, ఒక పక్క ముళ్ళపొద, ఒక పక్క ఏమీ లేదు. ప్రతి మలుపులో ఒక చిన్న ఒడ్డు కిందికి కనిపిస్తుంది. నాన్న ఉత్తరానికి పోయాడు. నన్ను దక్షిణానికి పంపాడు.

మూడో ఒడ్డులో దొరికింది నాకా దుంగ. ఇరవై అడుగుల పైనే, ఎర్రగా, తిన్నగా, ఒక్క ముడి లేకుండా. ఆ చలిలోనూ జిగురు వాసన కొడుతోంది. నేను దాని మీద బోర్లా పడుకుని చెంప ఆనించాను. నవ్వుకోండి, పెళ్ళయ్యాక మా ఆయన్ని కూడా అంత గట్టిగా కావిలించుకోలేదు.

తర్వాత లాగడం మొదలెట్టాను. కంచె గుంజ ఒకటి పీక్కొచ్చి కిందికి దూర్చి, ఒక కొస ఎత్తి, రాయి అడ్డం పెట్టి, రెండో కొసకి పోయి, మళ్ళీ ఇటు. చెయ్యి దోక్కుపోయి గుంజంతా నెత్తురు. మధ్యాహ్నానికి గీత ఇంకా నాలుగడుగుల దూరంలో ఉంది. అక్కడ దుంగ ఇసకలో దిగబడి ఇక కదల్లేదు. ఎవరినైనా పిలిస్తే వాళ్ళకీ వాటా అవుతుంది. సగం దుంగతో పడవ కట్టరు. నీళ్ళు వెనక్కి పోతూనే ఉన్నాయి. నాలుగడుగులే కదా అనుకున్నాను. ఆ రోజు అమావాస్య అనీ, రాత్రి పోటు ముందు రాత్రి కంటే పైకి వస్తుందనీ నాకు తెలుసు. మా వైపు నడక రాని పిల్లకి కూడా తెలుసు. అయినా చాకు తీసి మా నాన్న గుర్తు, మూడు గాట్లు, పెట్టాను. రొట్టెంత రాయి తెచ్చి దుంగ మీద పెట్టి ఇంటికి పోయాను.

నాన్న అప్పుడే వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాడు, ఖాళీ చేతులతో. నేను చెప్పాను. ఎంత పొడుగో అడిగాడు, చెప్పాను. ముడులున్నాయా అని అడిగాడు, లేవన్నాను.

"గీత పైకి లాగావా?"

"లాగాను."

"ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే."

ఆయన లేచి నిలబడ్డాడు. "విన్నావటే షాన్? నువ్వు కన్నది పిల్లని కాదు, గుర్రాన్ని."

"ఆ గుర్రాన్ని ముందు బూట్లు విప్పమను, నేలంతా ఇసక" అంది అమ్మ. అన్నాక అటు తిరిగి ఏప్రాన్‌తో మొహం తుడుచుకుంది. నాన్న నా రొట్టె మీద వేలెడు మందాన వెన్న రాశాడు. మూడు నెలల తర్వాత మా ఇంట్లో నవ్వు వినపడింది. ఇప్పుడే పోయి చూద్దామా అని అమ్మ అడిగితే, "రాయి ఉందిగా, ఎక్కడికి పోతుంది. పొద్దున్నే ఎవరి గుర్రాన్నైనా అడిగి తెస్తాను, లాగిద్దాం" అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. వెన్న నోట్లో కరుగుతోంది. చెప్పలేదు.

పొద్దున గుర్రంతో మేం పోయేసరికి అక్కడ ఇసక నున్నగా ఉంది, ఎవరో చేత్తో నిమిరినట్టు. దుంగ లేదు, రాయి లేదు. నేను లాగిన జాడలు కూడా లేవు. గీత ఎక్కడో పైన, గడ్డి మొదట్లో ఉంది. నాన్న కాస్త తల ఎత్తి ఆ గీతని చూసి ఉంటే సంగతి తెలిసిపోయేది. ఆయన చూడలేదు. ఆయన బుర్రలో అప్పటికే ఒక మనిషి ఉన్నాడు.

"ఎత్తుకెళ్ళారు" అన్నాడు.

గుర్రాన్ని అక్కడే కట్టేసి దక్షిణంగా నడిచాడు. నేను వెనకాల. ఒక్కో ఒడ్డు పైన ఆగడం, చూడడం, మళ్ళీ నడక. కాలిబాట బురదలో ఆయన బూట్లు నాటుకుంటున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. ప్రతి మలుపులోనూ చెప్పేద్దామనుకున్నాను. ప్రతి మలుపులోనూ ఆ దుంగ సముద్రంలోకే పోయి ఉంటుంది, ఎవరికీ దొరకదు, ఇక చెప్పాల్సిన పని రాదు అనుకున్నాను.

పోర్త్ గోచ్ అనే ఒడ్డు దగ్గర కనిపించింది. ఒడ్డు మీద కాదు, ఇంకా పైన పచ్చిగడ్డిలో, గొలుసు కట్టి ఉంది. దాని మీద వేరే రాయి. పక్కన ఈనోక్, ఆయన గుర్రం. ఈనోక్‌ది ఆ ఒడ్డు పైనున్న పొలం. మనిషి పొడుగు, కాస్త గూని, మాటలో ఎప్పుడూ ఒక సూది. గాలికి ఆయన పశువుల కొట్టం కప్పు లేచిపోయింది. రెండేళ్ళ క్రితం నాన్న బుట్టల తాళ్ళు ఎవరో కోసేస్తే నాన్న ఈనోక్‌నే అనుకున్నాడు. ఈనోక్‌వి ఎవరో కోసేస్తే ఆయన నాన్ననే అనుకున్నాడు.

"ఏరా ఎల్లిస్, పొద్దున్నే షికారా?" అన్నాడు ఈనోక్.

నాన్న దుంగ చుట్టూ తిరిగి గాట్ల మీద బొటనవేలు పెట్టాడు. "ఇవేంట్రా?"

"గాట్లు."

"ఎవరి గాట్లు?"

"సముద్రాన్ని అడుగు. నాకు దొరికినప్పుడు నీళ్ళలో తేలుతోంది, మీద రాయీ లేదు రప్పా లేదు. లాగాను, పెట్టుకున్నాను."

"మైలున్నర అవతల నా కూతురు గీత పైకి లాగి రాయి పెట్టిన దుంగ, కాళ్ళొచ్చి నీళ్ళలోకి దిగి, వెతుక్కుంటూ నీ గుమ్మం ముందుకొచ్చి తేలిందంటావు."

ఈనోక్ నా వైపు తిరిగాడు. నాతో మాట్లాడినప్పుడు ఆయన గొంతులో సూది లేదు. "ఏమ్మా నెస్టా. గీత పైకి లాగావా?"

నాన్న కూడా నన్నే చూస్తున్నాడు. ముందు రాత్రి నవ్విన మొహమే. నిజం చెబితే ఆ దుంగ ఈనోక్‌ది, నాన్న కొండకి పోతాడు. అంతే లెక్క.

"లాగాను" అన్నాను. రెండోసారి.

"అయితే అబద్ధం చెప్పడం మీ ఇంట్లో ఆడపిల్లలకి కూడా నేర్పుతున్నారన్నమాట" అన్నాడు ఈనోక్.

నాన్న వంగి, దుంగ మీదున్న ఈనోక్ రాయిని రెండు చేతులా ఎత్తాడు.

ఈనోక్ అప్పుడు తప్పుకోవచ్చు, చెయ్యి అడ్డం పెట్టుకోవచ్చు. ఏమీ చెయ్యలేదు. ఒక మనిషి ఇంకొకడి రాయిని ఎత్తడం ఆయన ఎప్పుడూ చూడలేదు. దాన్నే చూస్తూ నిలబడిపోయాడు. రాయి దవడ మీద పడింది. పచ్చి కొమ్మ విరిచినట్టు శబ్దమొచ్చింది. కిందపడి లేవబోతుంటే రెండో దెబ్బ కంటి మీద. గుర్రం బెదిరి గొలుసు తెంచుకుని పొలం పైకి పరిగెత్తింది. నేలమీద మిగిలిన గొలుసు కొస ఈనోక్ చేతికి దొరికింది. తిప్పి కొట్టాడు. నాన్న చెవి సగం ఊడి వేలాడింది, నాన్న దాన్ని పట్టించుకోలేదు. ఇద్దరూ ఒకరి గొంతు ఒకరు పట్టుకుని గడ్డి మీంచి గులకరాళ్ళ మీదికి, అక్కణ్ణించి నాచు బండల మీదికి దొర్లారు. పందుల్ని కోసే రోజు విన్నాను అలాంటి చప్పుళ్ళు. మాటలు లేవు, ఊపిరి, ఎముక, రాయి. ఒకసారి ఈనోక్ పైకొచ్చి నాన్న తలని బండకేసి రెండుసార్లు కొట్టాడు. మూడోసారికి నాన్న ఆయన పగిలిన దవడని అరచేత్తో పట్టి పిండాడు. అప్పుడు ఈనోక్ అరిచిన అరుపుకి కొండ మీది కాకులన్నీ లేచాయి.

బండల మధ్య మోకాలి లోతు మడుగుంది. నాన్న ఈనోక్ తలని అందులోకి తొక్కిపెట్టాడు, వీపు మీద మోకాలు వేసి, మెడ మీద కుడిచెయ్యి పెట్టి. నీళ్ళు ఎర్రబడి బుడగలొచ్చాయి. ఈనోక్ కాళ్ళు నాచు మీద తన్నుకుంటున్నాయి. తన్నడం నెమ్మదించింది.

"నేను లాగలేదు" అన్నాను. నాకే వినపడలేదు. మళ్ళీ గొంతు చించుకుని అన్నాను. "నాన్నా, నేను లాగలేదు. నాలుగడుగులు కిందే ఉంది. ఈనోక్ బాబాయ్ చెప్పింది నిజం."

నాన్న తల తిప్పి నన్ను చూశాడు. విన్నాడు, అర్థమైంది కూడా. చెయ్యి మాత్రం తియ్యలేదు. ఈ మాట నేను మా అమ్మకి కూడా చెప్పలేదు. నన్ను చూస్తూనే, ఆ చెయ్యి అలాగే నొక్కి పెట్టి ఉంచాడు, ఒక ఊపిరి, రెండు, మూడు. నాలుగో ఊపిరికి తీసేవాడో లేదో నాకెప్పటికీ తెలియదు, ఎందుకంటే ఈనోక్ భార్య మార్గెడ్ వచ్చేసింది. పైన ముళ్ళపొదలు నరుకుతోందట, గుర్రం ఒంటరిగా రావడం చూసి పరిగెత్తుకొచ్చింది. చేతిలో ముళ్ళకత్తి. నేరుగా ఆ చేతి మీదికి దించింది. నాన్న రెండు వేళ్ళు, చిటికెన వేలూ దాని పక్కదీ, మడుగులో పడ్డాయి.

మార్గెడ్ మొగుణ్ణి జుట్టు పట్టి బయటికి లాగి బోర్లా వేసి వీపు మీద గుద్దింది. నీళ్ళూ పళ్ళూ కక్కాడు. ఊపిరి తీశాడు. అప్పుడు లేచి నా దగ్గరికొచ్చి చెంప మీద కొట్టింది. కూలబడ్డాను.

"ఇంతసేపూ నోట్లో ఏం పెట్టుకున్నావే?" అంది.

ఆవిడ తన ఏప్రాన్ చింపి సగం మొగుడి కంటికి కట్టింది. మిగతా సగం నా మీదికి విసిరింది. "నీ బాబు చేతికి కట్టు. ఇక్కడ చస్తే మోసుకెళ్ళేవాళ్ళు లేరు."

ఇంటికొచ్చాక అమ్మ నాన్న చేతిని తారులో ముంచి కట్టింది. ఆయన బల్ల కొస కొరికి పట్టుకున్నాడు. అదయ్యాక జరిగిందంతా నా చేత చెప్పించి, బట్టలు ఉతికే కర్ర తీసుకుని, అది విరిగేదాకా నన్ను కొట్టింది. విరిగాక చేత్తో కొట్టింది. తర్వాత నా వీపుకి పందికొవ్వు రాస్తూ ఏడ్చింది. "నాలుగడుగులే, నన్ను పిలిస్తే రానా" అంది. "చూడి గొర్రెని మోసుకొచ్చినదాన్ని, కర్రని లాగలేనా." అమ్మకి వాటా ఇవ్వక్కర్లేదన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

కానిస్టేబుల్ సైకిల్ మీద వచ్చాడు. నాన్న జారిపడ్డానన్నాడు. ఈనోక్ తరఫున మార్గెడ్ కూడా జారిపడ్డాడనే చెప్పింది.

"ఇద్దరూ ఒకేసారా?" అన్నాడు కానిస్టేబుల్.

"నాచు కదండీ" అంది మార్గెడ్.

మందిరంలో మాత్రం నాచు కబుర్లు కుదరవు. రెండు వారాల తర్వాత సంఘ పెద్ద మోసెస్ తాత అందరి ముందూ నాన్నని నిలబెట్టాడు. ఆయన ఈనోక్ కంటి గురించి అడగలేదు, దవడ గురించీ అడగలేదు. "ఎల్లిస్, ఇంకొకడి రాయి ఎత్తావా?" అని అడిగాడు.

"ఎత్తాను."

"ఎందుకు ఎత్తావు?"

నాన్న నా వైపు చూడలేదు. "కోపమొచ్చి" అన్నాడు.

అక్కడితో అయిపోయేది. నేను లేచాను. గీత సంగతి, రెండు అబద్ధాల సంగతి మొత్తం చెప్పాను. మోసెస్ తాత చాలాసేపు గడ్డం సవరించుకుని, నాన్ననీ నన్నూ ఇద్దర్నీ సంఘంలోంచి ఏడాది పాటు తీసేశాడు. దుంగ ఈనోక్‌దేనన్నాడు.

ఈనోక్ దవడకి గుడ్డ కట్టుకుని ముందు వరసలో ఉన్నాడు. మాట్లాడలేడు. భార్య చెవి దగ్గర ఏదో గొణిగాడు. మార్గెడ్ లేచింది.

"మాదేనంటున్నాడు మా ఆయన. కానీ ఇంటికి తేడట. కొట్టానికి వేసుకుంటే పొద్దున లేచి దాన్నే చూడాలి. అక్కడే ఉంటుంది, రాయి కూడా ఉంటుంది. ముట్టుకున్నవాడి చెయ్యి తెగ్గొడతాను. అది ఆయన మాట కాదు, నాది."

అలాగే ఉంది. గడ్డిలో ఆ ఎర్ర దుంగ, దాని మీద రాయి. పడవ కుళ్ళిపోయింది. నాన్న క్వారీకి పోయాడు, రాళ్ళు కొట్టడానికి మూడు వేళ్ళు చాలన్నారు. వారానికి ఆరురోజులు ఆ కాలిబాట మీదుగానే పోయేవాడు, ఆ ఒడ్డు పైనుంచే. మొదటి ఏడాది చివర దగ్గు మొదలైంది. దారిలో ఈనోక్ ఎదురైతే ఇద్దరిలో ఒకరు ముళ్ళపొదలోకి తప్పుకునేవారు. ఒక్క కన్నే మిగిలింది కదా, ఈనోక్‌కి నాన్న కనపడేది ఆలస్యంగా. ఎక్కువసార్లు తప్పుకున్నది నాన్నే.

ఆరేళ్ళు గడిచాయి. మధ్యలో యుద్ధం వచ్చింది. ఒడ్డంతా ముళ్ళతీగ వేశారు, కొండ మీద సైన్యం గుడారాలు వెలిశాయి. ఇంగ్లిషు కుర్రాళ్ళు, పాపం చలికి నీలంగా అయిపోయేవాళ్ళు. ఒక శనివారం మధ్యాహ్నం నేను నాన్నకి ఎదురెళ్ళి ఇద్దరం కలిసి వస్తున్నాం. పోర్త్ గోచ్ పైకి రాగానే రంపం చప్పుడు, జిగురు మండుతున్న వాసన. కింద నలుగురు సైనికులు. రాయిని పక్కకి విసిరేసి, దుంగని మూరెడు మూరెడు ముక్కలుగా కోసి, మంట వేసి టీ కాచుకుంటున్నారు.

నాన్న పరిగెత్తాడు. ఆ ఊపిరితిత్తులతో. ఒడ్డు అవతలి వైపు నుంచి ఈనోక్ పరిగెత్తుకొస్తున్నాడు, చేతిలో పార. ఇద్దరూ ఒకేసారి చేరారు. నాన్న మరుగుతున్న టీ కెటిల్ ఎత్తి ఒకడి మొహాన కొట్టాడు. ఈనోక్ పార తిరగేసి రెండోవాడి మోకాళ్ళు విరిచాడు. మూడోవాడు నాన్న గుండెల మీద బూటుతో తన్నాడు. వాణ్ణి వెనక నుంచి ఈనోక్ మెడ పట్టి మంట మీదికి తోశాడు, చొక్కా అంటుకుంది. నాలుగోవాడు తుపాకీ వెనక వైపుతో ఈనోక్ నెత్తి పగలగొట్టాడు. నాన్న పళ్ళతో వాడి మణికట్టు పట్టుకుని వదల్లేదు. ఇంకో పదిమంది దిగొచ్చి ఇద్దర్నీ నెత్తురు ముద్దలు చేసి లారీలో పడేశారు. నేనూ ఎక్కుతానంటే ఒకడు నన్ను కిందికి నెట్టాడు.

సాయంత్రానికి వదిలారు. వాళ్ళ అధికారి మంచివాడే అయ్యుండాలి, లేదా ముసలాళ్ళని చూసి సిగ్గుపడ్డాడేమో. నాన్న ఒక్కడే నడుచుకుంటూ వచ్చాడు, ఒక కన్ను మూసుకుపోయి, కింది పెదవి రెండు ముక్కలై. అమ్మ కుర్చీ జరిపి వేడినీళ్ళు పెట్టింది.

"ఏం అడిగారు?"

"ఆ కర్ర ఎవరిదని అడిగాడు, ఆ అధికారి."

"నువ్వేమన్నావు?"

"వాడిదన్నాను. ఈనోక్‌ని చూపించాను."

అమ్మ గుడ్డ పిండుతూ ఆగింది. "మరి వాడేమన్నాడు?"

నాన్న గుడ్డ తీసుకుని పెదవికి అదుముకున్నాడు. "అవును, నాదే అన్నాడు."

"అంతేనా?"

"అంతే" అన్నాడు నాన్న. "ఇంకేం అంటాడు, వాడిదే కదా." గిన్నెలో నెత్తురు ఉమ్మి, తినడానికి ఏముందని అడిగాడు.